బేస్‌మెంట్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ న్యూజెర్సీ బేస్‌మెంట్ గారికి, మీ నెత్తిన కాపురముంటున్న ఇల్లాలు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. మీ గోడలకు పట్టిన బూజు ఏ రకమో తేలేదాకా మీరు కుశలమని నేనెలా రాయను?

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మీ గురించి ఏం రాశారో చూశారా? "పూర్తిగా ఫినిష్ చేసిన విశాలమైన బేస్‌మెంట్. నాలుగో బెడ్‌రూమ్‌గా గానీ ఆఫీసుగా గానీ వాడుకోవచ్చు. సరికొత్త ఫ్లోరింగ్." ఫొటోల్లో బూడిదరంగు నేల, తెల్లటి గోడలు, మూలన ఒక ప్లాస్టిక్ మొక్క. మీ దగ్గర ఉన్నవాటిలో అబద్ధమాడనిది ఆ మొక్క ఒక్కటే. ప్లాస్టిక్‌దని చూడగానే తెలిసిపోయింది.

మా ఆయన అక్కడికక్కడే మనసులో హోమ్ థియేటర్ బిగించేశాడు. నేను బొమ్మల కొలువుకు మెట్లు కట్టేశాను. ఈ దేశంలో తెలుగువాళ్ళకు బేస్‌మెంట్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. వారంలో ఓ రోజు కూచిపూడి క్లాసు, శనివారం రాత్రి పేకాట, దసరా ముందు కోలాటం ప్రాక్టీసు, సత్యనారాయణ వ్రతమైతే నలభైమందికి భోజనాలు, ఏడాది పొడుగునా మెట్ల కింద ఆవకాయ జాడీ. మీ మీద అన్ని ఆశలు.

అసలు మీ పుట్టుకే నాకు విచిత్రం. హైదరాబాద్‌లో సెల్లార్ అంటే కార్లు పెట్టుకునే చోటు. మా ఊళ్ళో ఇంటి కింద పునాది ఉంటుంది, పునాదిలో రాళ్ళుంటాయి, అక్కడ సోఫా వేసుకోవాలని ఎవరికీ తోచదు. ఇక్కడ చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బుతుంది కాబట్టి పునాది అడుగు ఆ గడ్డకట్టే లోతు కంటే కిందికి పోవాలి. మన న్యూజెర్సీలో అది దాదాపు 3 అడుగులు. ఎలాగూ అంత తవ్వాం, ఇంకాస్త తవ్వితే ఓ గది వస్తుంది కదా అనుకున్నారు. 1950లలో మీరు పుట్టింది అందుకే. బాయిలరు, బట్టల మిషను, విరిగిన కుర్చీలు పెట్టుకోవడానికి. ఆ పని మీరు చక్కగా చేసుంటారు. మిమ్మల్ని డ్రాయింగ్ రూమ్ చేద్దామన్నది తరవాత వచ్చినవాళ్ళ బుద్ధి.

వాసన సంగతి మొదట పట్టింది మా అత్తగారు. ఇండియా నుంచి వచ్చిన మర్నాడే మెట్ల మీద నిలబడి, "కింద తడిబట్టలేమైనా మరిచిపోయావా అమ్మా?" అన్నారు. మా ఆయన వెంటనే గాల్లో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ కొనుక్కొచ్చాడు. రోజూ దాని డబ్బా నిండేది. ఎంత బాగా పనిచేస్తోందో అని రోజూ మురిసిపోతూ పారబోసేవాడు.

చివరికి అన్నీ పీకించేద్దామనుకున్నాం. డ్రైవ్‌వేలోకి డంప్‌స్టర్ అనే పెద్ద చెత్త తొట్టి వచ్చింది, మీ ముసుగు తియ్యడం మొదలైంది.

గోడ సంగతి చూద్దాం. పైన తెల్ల రంగు వేసిన డ్రైవాల్, అంటే జిప్సం పలకలు. దాని వెనక 1970లలో ఇంటింటా కొట్టించుకున్న ముదురు చెక్క ప్యానెలింగ్. దాన్ని పీకే ఓపిక లేక దాని మీదే డ్రైవాల్ బిగించేశారు. ప్యానెల్ వెనక సన్నటి చెక్కపట్టీలు, వాటి మధ్య గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ దూది, దాని మీద ఊపిరాడకుండా ప్లాస్టిక్ షీటు. దూది తడిసి, నల్లబడి, నడుము విరిగి కిందికి జారి కూర్చుంది. దాని వెనక సిమెంటు బ్లాకుల అసలు గోడ. దాని మీద నీరు చొరనివ్వదని నమ్మి వేసిన పెయింటు, పొక్కులు పొక్కులుగా లేచిపోయి. పెయింటు కింద తెల్లటి పొడి. బయటి నీళ్ళు గోడలోంచి వస్తూ సిమెంటులోని లవణాలను మోసుకొచ్చి, ఇటు ఆవిరైపోతూ వాటిని వదిలేసి పోతాయట.

అంటే మీరు మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. తెల్లపొడి పూయించి చెప్పారు, పెయింటు వేశారు. పెయింటు పొక్కించి చెప్పారు, ప్యానెల్ కొట్టారు. ప్యానెల్ ఉబ్బించి చెప్పారు, డ్రైవాల్ కప్పారు. డ్రైవాల్ అడుగున మరకలు తేల్చి చెప్పారు, గోడ అడుగున ఇంకాస్త ఎత్తున్న బేస్‌బోర్డ్ పట్టీ బిగించి మాకు అమ్మారు. వచ్చిన ప్రతివాడూ మీకొక కొత్త చొక్కా తొడిగి వెళ్ళాడే కానీ, జ్వరం చూసినవాడు లేడు.

నేల ఇంకో పురాణం. బూడిదరంగు వినైల్ కింద పాత కార్పెట్ తాలూకు మేకుల పట్టీలు, వాటి కింద 9 అంగుళాల చదరపు టైల్స్, వాటి కింద నల్లటి జిగురు. ఆ కొలత టైల్స్ చూడగానే కాంట్రాక్టరు పార కింద పెట్టేశాడు. 1950ల నాటి 9 అంగుళాల టైల్ అంటే అందులో ఆస్బెస్టాస్, అదే రాతినార, ఉందని ముందే అనుమానించాలట. కంటితో చూసి చెప్పలేరు కాబట్టి ముక్క ల్యాబ్‌కు పంపాం. టైల్‌లోనూ ఉంది, జిగురులోనూ ఉంది. కదల్చకుండా, పగలకుండా ఉన్నంతకాలం అది తన మానాన తను పడి ఉంటుంది. పగిలి, పొడై, గాల్లో కలిస్తేనే ప్రమాదం. మీకు కార్పెట్ వేసిన మహానుభావుడు చుట్టూ గోడ పొడుగునా ఆ టైల్స్‌లోకే మేకులు దింపాడు.

సీలింగ్ పలకలు ఎత్తితే అక్కడ నారింజరంగు ఎక్స్‌టెన్షన్ కార్డ్. గోడలోంచి దూరి దూలాల మీదుగా వెళ్ళి మీ దీపాలన్నిటికీ కరెంటు ఇస్తున్నది అదే. దీపావళికి వారం రోజులు వెలిగే లైట్లకు వాడే వైరు మీకు ఇరవై ఏళ్ళ పర్మనెంట్ ఉద్యోగం చేసింది. బట్టల డ్రయర్ గొట్టం బయటిదాకా వెళ్ళే ఓపిక లేక సగంలో ఆగి, వేడి తేమంతా మీ నెత్తినే ఊదుతోంది. ఎలక్ట్రీషియన్ చాలాసేపు ఏమీ అనకుండా ఫొటోలు తీసుకున్నాడు. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మీరిప్పుడు స్టార్ అనుకుంటాను.

ఇంత ముస్తాబుకూ టౌన్ ఆఫీసులో ఒక్క పర్మిట్ లేదు. ఫైల్లో మీరు ఇప్పటికీ ఉట్టి సిమెంటు గోడలే. ఇంకో అవమానం కూడా ఉంది. నేలకు దిగువన ఉన్న చోటును, పాలరాయి పరిచినా సరే, ఇంటి విలువ కట్టే అప్రైజర్ నివాస వైశాల్యంలో కలపడు. విడిగా రాస్తాడు. మిమ్మల్ని లెక్కలో చూపించి మురిసేది అమ్మేవాళ్ళే.

ఆ "నాలుగో బెడ్‌రూమ్" దగ్గర మాత్రం నాకు నవ్వు రావడం లేదు. దానికున్న కిటికీలోంచి పిల్లి దూరడమే కష్టం. బేస్‌మెంట్‌లో పడుకునే గది ఉంటే అందులోంచి మనిషి బయటపడగల కిటికీ ఉండాలి. మామూలు బిల్డింగ్ కోడ్ ప్రకారం తెరిచిన మేర 5.7 చదరపు అడుగులు, నేల నుంచి కిటికీ అంచు 44 అంగుళాలు దాటకూడదు. ఇదేదో గుమాస్తాల చాదస్తమనుకునేవాళ్ళు 2021 సెప్టెంబరు 1 రాత్రిని గుర్తుచేసుకోవాలి. ఐడా తుఫాను వానకు న్యూయార్క్ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్ళలో ఉన్నవాళ్ళే. అద్దె తక్కువని దిగినవాళ్ళు. ఆ రోజే మా పక్క నెవార్క్‌లో 8 అంగుళాలు దాటి కురిసింది. అలాంటి గదిని బెడ్‌రూమ్ అని రాసేవాళ్ళను ఓ వానరాత్రి అందులోనే పడుకోబెట్టాలి.

రాడాన్ టెస్టు కూడా చేయించాం లెండి. మట్టిలోంచి పుట్టే ఆ రేడియోధార్మిక వాయువుకు రంగు లేదు, వాసన లేదు, మీ మిగతా గుణాలతో పోలిస్తే మర్యాదస్తురాలే. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలోకి వెళ్తుంటే అలారాలు మోగాయి. తీరా చూస్తే రేడియేషన్ ఆయన ఇంటినుంచి పట్టుకొచ్చింది. ఇంట్లో రాడాన్ లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే లెక్క) దాటితే చర్య తీసుకోమంటుంది ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ. ఆయన ఇంట్లో రెండువేలు దాటింది. మీరు 4 లోపే ఆగారు. అందుకు ధన్యవాదాలు.

ఇక అసలు నేరస్థుడు. ఇల్లు కొనేముందు సిద్ధాంతిగారు ఫోన్లో ఒకటే మాట చెప్పారు: ఈశాన్యం పల్లంగా ఉండాలి, ఈశాన్యంలో నీళ్ళుండాలి. తమరి ఈశాన్య మూలే పల్లం. నీళ్ళూ అక్కడే. శాస్త్రం అక్షరాలా పాటించారు.

వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ నుంచి ఒకాయన లావుపాటి ఫైలుతో వచ్చి, నేల చుట్టూ కోసి కాలవ పెట్టాలని, ఓ కారు ధర చెప్పి, ఈరోజే సంతకం పెడితే తగ్గిస్తానన్నాడు. అత్తగారు మాత్రం గొడుగేసుకుని వానలో ఇంటి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసొచ్చారు. కప్పు మీది నీళ్ళన్నీ ఆ మూల గొట్టంలోంచి సరిగ్గా పునాది పక్కనే పడుతున్నాయి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే సుమారు 620 గ్యాలన్లు. పైగా అక్కడ ఎవరో ముచ్చటపడి కట్టిన పూలమడి నేలను ఇంటివైపే వాలేలా చేసింది. గోడ నుంచి 10 అడుగుల్లో 6 అంగుళాలు బయటికి వాలాలన్నది పద్ధతి. గొట్టానికి పది అడుగుల పైపు తగిలించి, మట్టి పోయించాం. ఆ తరవాతి వానలకు ఆ మూల పొడిగానే ఉంది. మిగతా మూలల గురించి మాట్లాడను, దిష్టి తగులుతుంది.

ఇప్పుడు మా షరతులు. వచ్చే వసంతం దాకా మీరు ఇలాగే, ఉట్టి గోడలతో, అందరికీ కనిపిస్తూ ఉండాలి. మంచు కరిగి, వానలు పడి, ఎక్కడ చెమర్చినా దాచుకోకుండా చూపించాలి. ఆ తరవాతే గోడకు ఫోమ్ బోర్డు అతికించి, సందులు మూసి, దానికి ఇవతల ఫ్రేము కట్టిస్తాం. కార్పెట్ అడక్కండి. మా ఆయన ప్రొజెక్టర్ ధరలు చూస్తూ మిమ్మల్ని తొందరపెడితే వినకండి.

ఇట్లు,
మీ పై అంతస్తు

తా.క.: ఈసారి పర్మిట్ తీసుకున్నాం. ఆ కాగితం అందగానే ఇంటి పన్ను లెక్కకట్టే టౌన్ ట్యాక్స్ అసెసర్ కూడా మిమ్మల్ని చూడ్డానికి వస్తారట. అప్రైజర్ లెక్కకు రాని మీరు ఆయన లెక్కకు మాత్రం వస్తారు. ఆయన వచ్చినప్పుడు కాస్త పేదగా కనబడండి.