మంట లేని బర్నర్‌ని బెడ్‌రూమ్‌లో పెట్టుకోమంటారా?

"క్యాటలిటిక్ బర్నర్‌కి మంట ఉండదు, తలుపులేసుకున్న గదిలో కూడా పెట్టుకోవచ్చు. ఆటోనగర్‌లో పాత కారు కన్వర్టర్ కొని స్టీలు డబ్బాలో బిగిస్తే ఫ్యూయల్ సెల్‌కి బర్నర్ రెడీ. అగ్గిపుల్ల అక్కర్లేదు, సౌండ్ రాదు, ప్లాటినం అరగదు."

ఈ మెసేజ్ మా కాలనీ గ్రూపులో పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు పెడుతున్నారు. ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే పరికరం. క్యాటలిటిక్ బర్నర్ అంటే ప్లాటినం లాంటి క్యాటలిస్టు (తాను ఖర్చవకుండా రసాయన చర్యని నడిపించే పదార్థం) మీద గ్యాసుని మంట లేకుండా కాల్చేది. కన్వర్టర్ అంటే కారు పొగ గొట్టంలో పొగని శుభ్రం చేసే డబ్బా, దాన్లోనూ ఇదే క్యాటలిస్టు ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచి రోజుల తరబడి కరెంటు లేకుండా చేశాక, ఇంట్లోనే కరెంటు అనగానే జనానికి ఆశ పుట్టడం సహజం. కానీ ఆ మొదటి వాక్యం ప్రాణాలు తీస్తుంది.

మంట కనబడకపోయినా అక్కడ మండేది గ్యాసే, దానికి కావలసిన ఆక్సిజన్ మీ గదిలోంచే పోతుంది. ఫ్యూయల్ సెల్ వాడుకోగా మిగిలిన హైడ్రోజన్, రిఫార్మర్ (వంట గ్యాసు లాంటి వాటినుంచి హైడ్రోజన్ తీసేది) ఉంటే దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఈ బర్నర్‌లోనే కాలిపోవాలి. క్యాటలిస్టు పాడైనా, గాలి చాలకపోయినా అవి కాలకుండానే బయటికొస్తాయి. రెంటికీ రంగూ లేదు, వాసనా లేదు. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు అంటుకోవడానికి, 75 శాతం దాకా అంటుకునే గుణం పోదు. పైగా మంట లేకపోవడం దానంతటదే జరిగేది కాదండీ, గాలీ గ్యాసూ పాళ్లు కుదరాలి, వేడి అదుపులో ఉండాలి. పాళ్లు తప్పితే క్యాటలిస్టు ఎర్రగా కాలి, మంట వెనక్కి, బర్నర్‌లో గాలీ గ్యాసూ కలిసే అరలోకి పాకుతుంది, హైడ్రోజన్ మంటేమో పగటి వెలుతురులో కంటికి దాదాపు ఆనదు. ఏసీ చల్లదనం పోకుండా కిటికీ సందులు కూడా మూసుకునే మన ఇళ్లలో, పిల్లలు పడుకునే గదిలో దీన్ని పెట్టమని రాయడానికి చేయెలా వచ్చింది?

సౌండ్ సంగతి వదిలేయండి, గాలి కొట్టే బ్లోయర్‌కి సౌండ్ ఉంటుంది.

పాత కన్వర్టర్ అంటారా, అది పొగలో మిగిలిన కాస్త ఇంధనాన్ని కాల్చడానికి చేసింది. ఇంజిన్ మిస్ కొట్టి పచ్చి పెట్రోలు పోతే లోపలి జల్లెడ కరిగి ముద్దవుతుందని ఆటోనగర్ మెకానిక్‌ని ఎవర్నడిగినా చెబుతారు. ప్లాటినం అరగదన్నదీ తప్పే. అల్యూమినా అనే పింగాణీ లాంటి పూత మీద కంటికి కనబడనంత చిన్న రేణువులుగా ఉంటుంది అది, వేడెక్కువైతే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పని తగ్గిపోతుంది. వంట గ్యాసుకి వాసన కోసం కలిపే గంధకపు పదార్థం కూడా దాన్ని దెబ్బతీస్తుంది.

అగ్గిపుల్ల మాట మాత్రం నేను అబద్ధమనుకున్నాను, హైడ్రోజన్ వరకూ అది నిజమే. ప్లాటినం తగిలితే మామూలు గది వేడికే అంటుకుంటుందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త డోబరైనర్ 1823లోనే చూపించాడు. వంట గ్యాసుకి అలా కుదరదు, ముందు క్యాటలిస్టుని వేడి చేయాలి. ఇంకొకటీ ఒప్పుకుంటాను, స్టీలు డబ్బా లీకు లేకుండా వెల్డింగ్ చేయగల మంచి పనివాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు. అయితే డబ్బా కుదిరినంత మాత్రాన లోపలి పాళ్లు కుదరవు.

మొన్న మా మేనల్లుడు నిజంగానే ఒక కన్వర్టర్ కొనుక్కొచ్చాడు. "బాల్కనీలో అయితే పర్లేదా మావయ్యా?" అని అడిగాడు. గ్యాసు పైపు తగిలించనని వాడిచేత మాట తీసుకున్నాకే ఇంటికొచ్చాను. మీ ఇళ్లలో ఎవరైనా కొని ఉంటే ఇవాళే అడగండి.