బీరువా చాటు రౌటరు

కడపలో ఏ ఇంట్లోనైనా ఫైలు కదలకపోతే మొదట తిట్లు తినేది కనెక్షను ఇచ్చినవాడే. ముందు గదిలోని ల్యాప్‌టాప్ నుంచి వెనక గదిలోని కంప్యూటరుకు పెళ్లి వీడియో పోవడానికి ఇంటర్నెట్టుతో పనే లేదు. బయటినుంచి వచ్చే తీగ పీకేసినా పోతుంది. అయినా తిట్టడం మన ఆచారం, ప్లాను పెంచుకోవడం దానికి శాంతి.

రౌటరును మాత్రం మహా భద్రంగా దాచుకుంటాం. గోడ గూట్లో, కడప బండ అర మీద, ముందు ఇనప బీరువా, పైన దుమ్ము పడకుండా గుడ్డ. ఇనుము తరంగాన్ని వెనక్కి కొడుతుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నలు రెండు గోడలు దాటేసరికి సొమ్మసిల్లుతుంది. ల్యాప్‌టాప్ చల్లగా 2.4 గిగాహెర్ట్జ్ దారికి జారుకుంటుంది. అక్కడ వీధి రౌటర్లన్నీ ఉంటాయి, సాయంత్రం పూట ఏడు రోడ్ల కూడలే. ఒకదాన్నొకటి రాసుకోని ఛానెళ్లు, అంటే ఆ దారిలోని వరసలు, మూడే: 1, 6, 11. ఎవరో పెద్దమనిషి ఛానెలు వెడల్పు 40 మెగాహెర్ట్జ్ పెట్టుకుని రోడ్డంతా తనదే అంటాడు. 20కి తగ్గించమంటే పరువు తక్కువ.

రెండు యంత్రాలూ వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా గాల్లో రెండుసార్లు తిరుగుతుంది, రౌటరు దాకా ఒకసారి, అక్కడినుంచి ఇంకోసారి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నోరు మూసుకోవాలి కాబట్టి వేగం సగం. ఒకదానికి కేబుల్ తగిలిస్తే ఈ పీడ పోతుంది. కానీ కేబుల్ కనబడితే ఇంటి అందం చెడుతుందట, నడింట్లో బట్టలారేసే తాడుకు చెడని అందం!

కేబుల్ వేసినా గిగాబిట్టు వేగానికి, అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్లకు, లోపలి ఎనిమిది తీగలూ అంటాలి. క్రింపింగులో, అంటే చివర ప్లగ్గు బిగించడంలో, ఒక్కటి తప్పినా 100 మెగాబిట్లకు పడిపోవడం మామూలే. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి దాన్ని ఎనిమిదితో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు, చేతికొచ్చేది ఇంకాస్త తక్కువ. "వందని చెప్పి పదకొండే ఇస్తాండాడన్నా" అని పంచాయితీ అక్కడే మొదలు.

ఐపెర్ఫ్ అనే ఉచిత సాధనం ఉంది. ఒక యంత్రంలో సర్వరుగా, రెండోదాంట్లో క్లయింటుగా నడిపితే డిస్కును ముట్టకుండా దారి వేగం ఒక్కటే చెబుతుంది. అది 300 మెగాబిట్లు చూపిస్తూ ఫైలు మాత్రం పాకుతుంటే దోషం ముసలి హార్డ్‌డిస్కుదో, పెన్‌డ్రైవుదో, విడివిడిగా పంపుతున్న ఐదు వేల ఫొటోలదో. ఒక్కో ఫొటోకూ తెరవడం, రాయడం, మూయడం. అన్నీ ఒకే జిప్ ఫైల్లో కట్టి పంపితే ఆ తంతు ఒక్కసారితో సరి. అయితే ఈ పరీక్ష ఎవరూ చేయరు, ఫలితం వస్తే తిట్టడానికి మనిషి మిగలడు.

రౌటరును గూట్లోంచి తీసి హాల్లో తలెత్తున మేకుకు తగిలించడం పది నిమిషాల పని. కానీ ఆ గూడు ఈశాన్యంలో ఉంది, కదపకూడదట. అందుకని వచ్చే నెల నుంచి పెద్ద ప్లాను.