"ఎంబీబీఎస్ ఎక్కడ చదివినా ఒకటే" అట, ఆ ఫార్వర్డ్ చూసి ఆప్షన్లు పెట్టకండి

నీట్ కౌన్సెలింగ్ (ర్యాంకు వచ్చినవాళ్ళు కావాల్సిన కాలేజీలని వరసగా ఆప్షన్లు పెట్టుకునేది) మొదలైతే చాలు, పేరెంట్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. ఎవరు రాశారో తెలీదు, కింద మాత్రం "ఒక సీనియర్ డాక్టర్ సలహా" అని ఉంటుంది. అందులో ఉన్నది టూకీగా ఇదీ: డిగ్రీ ఎక్కడైనా ఒకటే, పేషెంట్లు తక్కువున్న కాలేజీ అయితే పీజీకి చదువుకోడానికి టైం దొరుకుతుంది, పాఠాలకి యాప్‌లున్నాయి, గవర్నమెంట్ అంటే ఫీజు తక్కువే, రేపు నెక్స్ట్ (NExT, డాక్టర్ లైసెన్సుకీ పీజీకీ కలిపి పెడతామంటున్న పరీక్ష) వస్తే కాలేజీ పేరు ఎవడూ అడగడు, ఎయిమ్స్ వస్తే కళ్ళు మూసుకుని చేరిపోవాలి, ర్యాంకు అంతంతమాత్రం అయితే పెద్ద కాలేజీలు పైన పెట్టొద్దు వచ్చే సీటు కూడా పోతుంది. మా పిన్ని కూడా పంపింది మొన్న, వాళ్ళబ్బాయికి పాత ప్రైవేట్ కాలేజీలో 'ఏ' కేటగిరీ (కన్వీనర్ కోటా) సీటు ముందు పెట్టాలా, కొత్త గవర్నమెంట్ కాలేజీ ముందు పెట్టాలా తేలక. ఆవిడకి ఫోన్లో చెప్పిందే ఒక్కో ముక్కా తీసుకుని ఇక్కడ రాస్తున్నా.

ముందు "డిగ్రీ ఒకటే" సంగతి. కాగితం ఒకటే, ఒప్పుకుంటా. తెలంగాణలో అయితే కాళోజీ యూనివర్సిటీ, ఆంధ్రాలో అయితే ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, ఏ కాలేజీ అయినా అదే పట్టా. కానీ మెడిసిన్‌లో మనం ఎంచుకునేది నిజానికి ఆస్పత్రిని. ఉస్మానియాలో సీటొచ్చిందంటే పిల్లల పోస్టింగ్‌కి నీలోఫర్, గైనిక్‌కి పేట్లబుర్జు, కోఠి మెటర్నిటీ, కళ్ళకి సరోజినీదేవి, సైకియాట్రీకి ఎర్రగడ్డ, ఇవన్నీ దాంతో పాటే వచ్చినట్టు. ఉస్మానియా పాత బిల్డింగ్‌లో 2020 వానలకి నీళ్ళొచ్చి వార్డులు ఖాళీ చేయించారు, గోషామహల్‌లో కొత్తదానికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు, ఇంత అవస్థలోనూ వచ్చే జనం వస్తూనే ఉన్నారు. విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నాటిది, దాని ఆస్పత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం, విజయనగరం నుంచే కాదు ఒడిశా నుంచీ వస్తారు. ఇంత ఓపీ చూసినవాడూ, సగం బెడ్లు ఖాళీగా ఉన్నచోట చదివినవాడూ ఒకే పట్టా పట్టుకుని బయటికొస్తారు, అంతవరకే ఒకటి.

ఇక "పేషెంట్లు తక్కువైతే చదువుకోవచ్చు", నాకు బాగా మండేది ఇదే. యాప్‌లు నేనూ వాడాను, పీజీ ర్యాంకుకి పనికొస్తాయి, కాదనను. కానీ కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) పెట్టడం వీడియోలో అర నిమిషం పని, అదే వార్డులో రాత్రి రెండింటికి విరేచనాలతో నరాలన్నీ అణిగిపోయిన ముసలాయన చెయ్యి పట్టుకుని, టార్నికే కట్టి, దొరికిన ఒక్క నరమూ సూది తగలగానే పక్కకి జారిపోతుంటే, వెనక ఆయన కూతురు "ఎన్నిసార్లు పొడుస్తావు బాబూ" అంటుంటే, మళ్ళీ కాస్త పైన వెతుక్కుని గుచ్చితే కాన్యులా వెనక్కి రక్తం కనపడుతుంది చూడండి, ఆ పని అలా వస్తుంది తప్ప ఇంకోలా రాదు. స్ప్లీన్ ఎక్కడ చేతికి తగులుతుందో, ఏ పొట్ట నొప్పిని వెంటనే సర్జరీ వాళ్ళకి చూపించాలో, అన్నీ అంతే. ఇంటర్న్‌షిప్‌కి వచ్చేదాకా నార్మల్ డెలివరీ దగ్గరుండి చూడనివాళ్ళతో నేను డ్యూటీ చేశాను, తెలివితక్కువ వాళ్ళేం కాదు, వాళ్ళకి దొరకలేదు అంతే.

కాగితం మీద అన్ని కాలేజీలకీ బెడ్లుంటాయి, మెడికల్ కాలేజీలకి రూల్స్ పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) లెక్క ప్రకారం 100 సీట్లకి 420, 150 సీట్లకి 605. అవి నిండి ఉంటాయా అన్నదే ప్రశ్న. ఇన్స్పెక్షన్ రోజు ఊళ్ళ నుంచి బస్సుల్లో జనాన్ని తెచ్చి పడుకోబెట్టడం గురించి మనలో వినని వాళ్ళెవరు? 2025లో మెడికల్ కాలేజీల అనుమతుల మీద సీబీఐ పెట్టిన కేసులో కూడా దొంగ ఫ్యాకల్టీ, ఉత్తుత్తి పేషెంట్లు అనే ఆరోపణలే ఉన్నాయి. అందుకే పిన్నికి చెప్పా, వెబ్‌సైట్లో ఫొటోలు చూడకుండా ఒక సోమవారం పొద్దున పదింటికి నేరుగా ఆస్పత్రికెళ్ళి ఓపీ చీటీల లైన్ చూడు, మెడిసిన్ వార్డులో ఎన్ని మంచాలు నిండాయో చూడు, లేబర్ రూమ్ బయట ఎంతమంది కూర్చున్నారో చూడు, వీలైతే ఫైనలియర్ పిల్లల్ని క్యాంటీన్లో పట్టుకుని అడుగు అని.

కొత్త గవర్నమెంట్ కాలేజీల్లో సమస్య వేరు. కరీంనగర్, ఖమ్మం కాలేజీలు 2023లో వచ్చాయి కానీ అక్కడి జిల్లా ఆస్పత్రులు ఎప్పటివో, జనానికి కొదవ లేదు, కొదవంతా నేర్పేవాళ్ళకే. 2025లో తెలంగాణ గవర్నమెంట్ కాలేజీల్లో చాలావాటికి ఎన్ఎంసీ నోటీసులిచ్చింది. అయినా నన్నడిగితే ఖాళీ వార్డుల ప్రైవేట్ కంటే నిండిన జిల్లా ఆస్పత్రే మేలు, ప్రొఫెసర్ లేకపోతే సీనియర్ దగ్గరైనా నేర్చుకుంటాం, పేషెంటే లేకపోతే ఎవరి దగ్గర నేర్చుకుంటాం. అదే ప్రైవేట్‌లో వార్డులు నిజంగా నడుస్తూ, డిపార్ట్‌మెంట్లలో మనుషులు ఉంటే మాత్రం అది పైన పెట్టినా తప్పులేదు.

ఫీజు సంగతి: తెలంగాణలో గవర్నమెంట్ సీటు ఏడాదికి 10 వేలు, ప్రైవేట్ 'ఏ' కేటగిరీ 60 వేలు, హాస్టలూ మెస్సూ అదనం. హౌస్ సర్జన్సీలో స్టైపెండ్ చేతికొస్తుందో లేదో కూడా అడగండి, ప్రైవేట్ పిల్లలు దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. "గవర్నమెంట్ అంటే తక్కువే" అన్నది ఆంధ్రాలో అన్నిచోట్లా కుదరదు, 2023లో మొదలైన విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీల్లో స్టేట్ కోటాలో సగం సీట్లే మామూలు ఫీజువి, బీ కేటగిరీ ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ కోటా 20 లక్షలు. ఆప్షన్ పెట్టేముందు కేటగిరీ చూసుకోండి.

నెక్స్ట్: 2019 చట్టంలో ఉంది, 2023 జులైలో వాయిదా వేశారు, పీజీకి ఇప్పటికీ నీట్ పీజీనే. ఒకవేళ వచ్చినా దాని రెండో స్టెప్పు ప్రాక్టికలే, పేషెంట్ని చూసి చెప్పాలి. మరి కాలేజీతో పనిలేకుండా ఎలా పోతుంది?

ఎయిమ్స్ గురించి సగం నిజం. బీబీనగర్ (2019), మంగళగిరి (2018) అయితే వెళ్ళండి, ఫీజు నామమాత్రం, ఎయిమ్స్ లాంటి సంస్థల పీజీ ఎంట్రన్స్ ఐఎన్ఐ సెట్‌లో సొంత విద్యార్థులకి కొంత ప్రాధాన్యం కూడా ఉంది. కానీ గాంధీ వచ్చే ర్యాంకుతో గాంధీ వదిలేసి దేవఘర్‌కో గోరఖ్‌పూర్‌కో పోతానంటే ఒకసారి ఆగి ఆలోచించాలి. హిస్టరీ తీసుకోడం అంటే మాట్లాడటమే కదా, ఆ ఊరి ముసలమ్మ చెప్పేది అర్థం కావడానికే ఏడాది పడుతుంది. పీజీ స్టేట్ కోటాలో స్థానికత రిజర్వేషన్ చెల్లదని, ఎంబీబీఎస్ చదివిన సంస్థని బట్టి ప్రాధాన్యం ఇవ్వొచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఎక్కడ చదివావన్నది తర్వాత కూడా వెంటపడుతుంది.

చివరిది, "పెద్ద కాలేజీ పైన పెడితే సీటు పోతుంది". పోదండీ. సిస్టం మీ మొదటి ఆప్షన్ నుంచి కిందకి చూసుకుంటూ వస్తుంది, మీ ర్యాంకుకి ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది, పైన ఉస్మానియా, గాంధీ పెట్టినందుకు కింద ఉన్నది ఎవడూ లాక్కోడు. సీటు నిజంగా పోయేది ఇంకో రకంగా: రెండో రౌండ్‌లో మీ లిస్టులో పైనున్నది వస్తే చేతిలో ఉన్న పాతది ఆటోమేటిక్‌గా వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది, తర్వాత ఎంత ఏడ్చినా రాదు. కాబట్టి ఇప్పుడున్న దానికంటే మీకు నిజంగా నచ్చినవే పైన ఉంచండి, వచ్చినా చేరను అనుకునే కాలేజీ ఒక్కటున్నా సబ్మిట్ చేసే ముందే తీసేయండి.