గడప దాటిన చిప్పుకి జేజేలు

కంప్యూటర్ విలువ ఎక్కడ పుడుతుందని అడిగితే ఇంజనీరు డిజైన్‌లో అంటాడు, ఫ్యాక్టరీ యజమాని అసెంబ్లీ లైన్‌లో అంటాడు. ఇద్దరూ అమాయకులే. విలువ పుట్టేది చెక్‌పోస్టు దగ్గర.

నమ్మకం కుదరకపోతే చైనా నగరం షెన్‌జెన్‌కీ హాంకాంగ్‌కీ మధ్య పారే ఆ సన్నటి నదిని చూడండి. దేశం ఒక్కటే, కస్టమ్స్ రెండు, కరెన్సీలు రెండు. లారీ అటు వెళితే ఎగుమతి, అదే లారీ అదే పెట్టెతో ఇటు వస్తే దిగుమతి. చైనా దిగుమతుల పట్టికలో చైనా పేరే ఘనంగా కనిపించడం వెనకున్న మహిమ ఇదే. ఎగుమతయితే వ్యాట్ వాపసు వస్తుంది కాబట్టి సరుక్కి ప్రయాణమంటే మోజు. దేశంలోనే ఉన్నా కస్టమ్స్ లెక్కలో విదేశమనిపించుకునే బాండెడ్ జోన్లు వచ్చాక నది దాటే శ్రమ కూడా తప్పింది. కంచె లోపలికి పోయి బయటికొస్తే విదేశం వెళ్లొచ్చినట్టే. అక్కడి వర్తకులు దీనికి ‘ఒక్కరోజు విహారం’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఈ విహారాలకి స్వర్ణయుగం 2013. ఆ మార్చిలో చైనా లెక్కల ప్రకారం హాంకాంగ్‌కి ఎగుమతులు ఏడాదిలో 93 శాతం పెరిగాయి. హాంకాంగ్ తన చిట్టా తీసి చూసుకుంటే అంత సరుకు వచ్చిన జాడే లేదు. పంపినవాడు పంపాననే అంటున్నాడు, అందుకున్నవాడు అందలేదంటున్నాడు. మధ్యలో ఉన్నది చిన్న నది! అసలు సంగతేమిటంటే, ఎగుమతి బిల్లు చాటున, విదేశీ మారక ఆంక్షల కన్నుగప్పి డాలర్లు లోపలికి వస్తున్నాయి. అందుకు చిప్పుని మించిన వాహనం లేదు: గుప్పెట్లో పడుతుంది, బరువుండదు, బిల్లు మీద ఎంత ధర రాసినా నోరెత్తదు. మేలో విదేశీ మారక అధికారులు కళ్లెర్రజేయగానే ఆ పెరుగుదల పది శాతం లోపుకి దిగింది. చిప్పులకి హఠాత్తుగా ఇల్లు గుర్తొచ్చింది కాబోలు.

చెమటోడ్చేవాడికి ఏం దక్కిందంటారా? అది చెప్పుకోదగ్గ కథ కాదు. 2009 నాటి ఐఫోన్ తయారీకి సుమారు 179 డాలర్లు. విడిభాగాల విలువలో దాదాపు సగం జపాన్, కొరియాల నుంచే. చైనాలో బిగించినందుకు కూలి ఆరున్నర డాలర్లు. కానీ అమెరికాకి ఓడెక్కేటప్పుడు మొత్తం 179 డాలర్లూ చైనా ఎగుమతి ఖాతాలోనే పడ్డాయి. చివరి గడప ఎవరిదో ఖాతా వారిదే.

సొంతంగా ఇల్లు కదలలేని ఫోన్లకి రెక్కలు తొడిగిన దయామయులూ ఉన్నారు. 2018లో బయటపడిన ముఠా డ్రోన్లతో సరిహద్దు మీదుగా 200 మీటర్ల తీగలు లాగి, రాత్రికి 15,000 దాకా ఐఫోన్లని హాంకాంగ్ నుంచి షెన్‌జెన్‌కి జారవిడిచేదట. రవాణా శాఖలు ఇంత శ్రద్ధ చూపిన దాఖలా నాకు తెలిసి లేదు.

ప్రాసెసర్ల మీద సుంకం సున్నాయే. ఐటీ సరుకుల మీద సుంకాలు ఎత్తేసేందుకు 1996లో సింగపూర్‌లో కుదిరిన ఒప్పందంలో 2003లో చైనా కూడా చేరింది. మిగిలింది 13 శాతం వ్యాట్. దాన్ని తప్పించుకోవడానికి 2022లో, హాంకాంగ్ లాగే వేరే కస్టమ్స్ ఉన్న మకావు వైపు నుంచి చైనాలోకి ఒక మహిళ 202 ప్రాసెసర్లనీ 9 ఫోన్లనీ పొట్టకి కట్టుకుని వచ్చింది. ఐదారు నెలలని చెప్పింది. పొట్ట చూస్తే నెలలు నిండినట్టుంది. అనుమానం అక్కడే వచ్చింది. పట్టుబడ్డ ఆ కాన్పుని అధికారులు కస్టమ్స్ పట్టికలో చిప్పులుండే 8542వ పద్దు కింద రాశారో, జననాల రిజిస్టర్‌లో రాశారో మరి.