పీసీడీ కలిస్తే చాలు, టైరు రాసుకోదా?

కార్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. అందులో ఉన్నది ఇంతే: "అల్లాయ్ వీల్స్ మార్చాలంటే పీసీడీ (నట్ల వలయం కొలత) కలిస్తే చాలు. టైరు ఎత్తులో తేడా 3 శాతం లోపు ఉంటే ఎక్కడా రాసుకోదు. షాపులో బిగించాక చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఒకవేళ రాసుకున్నా స్పేసర్ (చక్రం వెనక పెట్టే బిళ్ల) వేస్తే పోతుంది. అదీ కాకపోతే లోపలి ప్లాస్టిక్ కొంచెం కోసేస్తే సరి."

ఐదు మాటలు. ఇది నమ్మి డబ్బు పోసిన వాళ్లలో మా బావమరిది ఒకడు. పిల్లల్ని, అత్తయ్యని ఎక్కించుకుని తిరుమల వెళ్లి కొండ దిగుతుంటే, వంపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర బర్రుమని శబ్దం. కాసేపటికి రబ్బరు కాలిన వాసన. పక్కన ఆపి టార్చి వేసి చూస్తే, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద అరచేయంత మేర నున్నగా, తడిపిన పలకలా మెరుస్తోందట. టైరు భుజం (పక్కగోడ మొదలయ్యే అంచు) మీద ఆకురాయితో గీకినట్టు గీతలు. టైర్లు వేయించి అప్పటికి తొమ్మిది రోజులు.

అందుకే ఆ ఐదు మాటల్నీ ఒక్కొక్కటే తీసుకుంటాను.

పీసీడీ నుంచి మొదలుపెడదాం. నట్ల మధ్యబిందువుల గుండా ఒక వలయం గీస్తే దాని వ్యాసమే పీసీడీ. మన దగ్గర తిరిగే స్విఫ్ట్, బాలెనో, ఐ20, హోండా సిటీ అన్నిటికీ 4×100, అంటే నాలుగు నట్లు, 100 మిల్లీమీటర్ల వలయం. అలాగని ఒకదాని రిమ్ము ఇంకోదానికి వేసేయగలమా? స్విఫ్ట్ హబ్బు (చక్రం బిగించే భాగం) మధ్యలో ఉండే బొడిపె 54.1 మి.మీ., సిటీది 56.1. స్విఫ్ట్ రిమ్ము సిటీకి ఎక్కనే ఎక్కదు. సిటీ రిమ్ము స్విఫ్ట్‌కి ఎక్కుతుంది కానీ వదులుగా కూర్చుంటుంది. నట్ల మర కూడా వేరే. మారుతికి 12×1.25, హోండాకి 12×1.5. బయట దొరికే అల్లాయ్‌లలో చాలావాటికి మధ్య రంధ్రం 73.1 ఉంటుంది, ఎన్ని కార్లకైనా సరిపోవాలని. ఆ ఖాళీని నింపే రింగు వేయకపోతే హైవే మీద స్టీరింగ్ వణకొచ్చు. జనం దాన్ని బ్యాలెన్సింగ్ లోపం అనుకుని షాపు చుట్టూ తిరుగుతారు.

ఇదంతా రిమ్ము బిగింపు సంగతి. రాపిడి గురించి పీసీడీ ఒక్క ముక్క కూడా చెప్పదు. చక్రం హబ్బుకు ఎక్కుతుందా లేదా, అంతవరకే దాని పని. ఎక్కాక లోపలికి ఎంత జరిగి కూర్చుంటుందో, బయటికి ఎంత పొడుచుకొస్తుందో చెప్పేది ఆఫ్‌సెట్. రిమ్ము వెనకవైపు ఈటీ అని పోతపోసి ఉండే అంకె అదే. ఆ మెసేజ్‌లో ఈటీ అన్న మాటే లేదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

ఇక 3 శాతం. అది ఎక్కువగా స్పీడోమీటర్ కోసం చెప్పుకునే లెక్క. టైరు పెద్దదైతే ఒక చుట్టుకి కారు ఎక్కువ దూరం పోతుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. ఆ తేడా చెయ్యి దాటకుండా ఒక హద్దు పెట్టుకున్నారు. టైరు ఎక్కడ తగులుతుందో ఆ లెక్కకి తెలియదు.

లెక్క కష్టమేమీ కాదు, కాగితం మీద వేద్దాం. మా బావమరిది కారుకి కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15. వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపితే మొత్తం ఎత్తు 621.5. అతను వేయించింది 205/55 ఆర్16. అదే పద్ధతిలో వేస్తే 631.9. తేడా 10.4 మి.మీ., అంటే 1.7 శాతం. మెసేజ్ లెక్కలో దర్జాగా పాస్. ఎత్తులో సగమే పైకి పెరుగుతుంది కాబట్టి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య తగ్గిన ఖాళీ 5 మి.మీ. మాత్రమే. అంత మాత్రానికే రాసుకోదు. మరి లైనర్ ఎందుకు మెరిసింది?

రిమ్ములు విప్పించి వెనక చూశాను. పాతది 5.5జె, అంటే రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, ఈటీ 45. కొత్తది 7జె, ఈటీ 35. ఈటీ 45 నుంచి 35కి తగ్గిందంటే చక్రం మధ్యగీతే 10 మి.మీ. బయటికి జరిగింది. పాత టైరు సగం వెడల్పు 92.5. కొత్తది 205 అని రాసి ఉన్నా, ఆ సైజు టైరు కొలిచేది 6.5జె రిమ్ము మీద. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మి.మీ. విచ్చుకుంటుంది కాబట్టి 7జె మీద అది 210 అవుతుంది, సగం 105. ఆ పెరిగిన 12.5, జరిగిన 10 కలిపితే టైరు బయటి అంచు 22.5 మి.మీ. బయటికి వచ్చింది. రెండు వేళ్ల మందానికి కొంచెం తక్కువ. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ అంచు ఇంకా పెద్ద చాపంలో తిరిగి లైనర్ ముందు మూలనో వెనక మూలనో పట్టుకుంటుంది. ఎత్తు లెక్క 1.7 శాతం దగ్గర నిశ్చింతగా ఉంది, కారు మాత్రం ఘాట్ రోడ్డు మీద వాసన కొట్టింది.

అదే 7జె రిమ్ము ఈటీ 45తో వచ్చి ఉంటే? బయటికి 12.5, లోపలికీ 12.5. అప్పుడు లైనర్ బతికినా, లోపల షాకబ్జర్ దగ్గర తగిలే ప్రమాదం. లైనర్ తగిలితే శబ్దమైనా వస్తుంది. షాకబ్జర్ ఇనుముకి టైరు లోపలి గోడ తగిలితే, కారు కింద పడుకుని చూసేదాకా తెలియకపోవచ్చు. టైరులో అన్నిటికన్నా పలచటి చోటు ఆ పక్కగోడే. పంక్చరైతే ప్యాచ్ వేస్తారు, గోడ తెగితే టైరు పారేయాల్సిందే. వంద స్పీడులో తెగితే టైరుతో పోదు.

మూడోది, షాపులో తిప్పి చూడటం. చూసేది ఎప్పుడు? కారు జాకీ మీద ఉన్నప్పుడు. అప్పుడు చక్రం కిందికి వేలాడుతూ ఉంటుంది, ఖాళీ ఎంతో ఉన్నట్టు కనిపిస్తుంది. రోడ్డు మీద జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. నలుగురు కూర్చుని, డిక్కీలో సామాను పెట్టి, స్పీడ్ బ్రేకర్ దిగితే చక్రం మడ్‌గార్డులోకి చొచ్చుకుపోతుంది. అదే సమయంలో స్టీరింగ్ తిరిగి ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. వెనక చక్రాలు ఖాళీ కారులో చాలాసార్లు తగలవు. పండక్కి ఊరెళ్లేటప్పుడు, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఉన్నప్పుడే తగులుతాయి.

నేను చేసే పరీక్షకి కావలసింది ఒక సుద్దముక్క. టైరు రెండు భుజాల మీద చుట్టూ మందంగా సుద్ద రుద్దాలి. కారులో నలుగుర్ని కూర్చోబెట్టి, ఖాళీ స్థలంలో స్టీరింగ్ కుడివైపు చివరిదాకా తిప్పి ముందుకొకసారి, వెనక్కొకసారి నడపాలి. ఎడమవైపూ అంతే. వెనక్కి నడపడం మాత్రం మానొద్దు, ముందుకు పోతే తగలని మూల రివర్స్‌లో తగులుతుంది. తర్వాత ఒక స్పీడ్ బ్రేకర్‌ని నెమ్మదిగా ఏటవాలుగా దాటాలి. దిగి టార్చి వేసి చూస్తే, నల్లటి లైనర్ మీద తెల్లగా సుద్ద అంటిన చోటే టైరు తగిలిన చోటు. లోపల టైరుకీ షాకబ్జర్‌కీ మధ్య నా చిటికెన వేలు ఒరుసుకోకుండా దూరాలి. దూరకపోతే ఆ సైజు ఎంత అందంగా ఉన్నా నేను వద్దంటాను.

స్పేసర్ సంగతికి వస్తే, 10 మి.మీ. స్పేసర్ వేయడమంటే ఈటీని 10 తగ్గించడమే, అంతకు మించి మాయేమీ లేదు. టైరు లోపల తగులుతుంటే అది పని చేయొచ్చు. బయట తగులుతుంటే రాపిడి ఇంకా పెరుగుతుంది. మా వాడికి షాపులో మొదట చెప్పిన మందు కూడా ఇదే. అప్పటికే 22 మి.మీ. బయటికొచ్చిన టైరుని 32కి తోసేవాళ్లు! పైగా స్పేసర్ మందం మేర స్టడ్ (హబ్బు నుంచి పొడుచుకొచ్చే మర కడ్డీ) మీద నట్టుకి దొరికే మర తగ్గిపోతుంది. నట్టు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతే, చక్రం ఆ నాలుగు చుట్ల మీదే వేలాడుతున్నట్టు లెక్క. హబ్బు బొడిపెకి కొలతగా చేసింది, మర పూర్తిగా పట్టే పొడవు స్టడ్‌లతో వచ్చింది అయితే వేరే సంగతి. కౌంటర్ మీద కుప్పగా దొరికే పలచటి అల్యూమినియం బిళ్లల్ని మాత్రం చక్రం వెనక పెట్టకండి.

ఐదోది లైనర్ కోయడం. అది అలంకారానికి పెట్టింది కాదు. వానాకాలంలో చక్రం చిమ్మే నీళ్లూ బురదా రాళ్లూ దాని వెనకున్న వైర్లకి, హారన్‌కి, వాషర్ డబ్బాకి తగలకుండా ఆపేది అదే. కోసిన అంచు వదులై ఆడితే ఆ ముక్కే టైరుకి కొత్తగా తగలడం మొదలుపెడుతుంది.

ఒక సైజు నమ్మొచ్చా లేదా అన్నదానికి మెసేజ్‌లకన్నా మంచి సాక్ష్యం కంపెనీ దగ్గరే ఉంది. అదే మోడల్ పై వేరియంట్‌కి వాళ్లేం వేశారో చూడండి. బాలెనోలో కింది వేరియంట్లకి 185/65 ఆర్15, పై వాటికి 195/55 ఆర్16 వచ్చాయి. ఎత్తు లెక్క వేస్తే 621.5, 620.9. అంగుళం పెద్ద రిమ్ము వేసి, పక్కగోడ తగ్గించి, మొత్తం ఎత్తుని ఒక మిల్లీమీటరు కూడా కదలనివ్వలేదు. ఆ వివరాలు డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ మీదో యజమాని పుస్తకంలోనో ఉంటాయి. టైరు మీది బరువు అంకె కూడా అందులో ఉన్నదానికి తగ్గకూడదు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అంటే 500. రూపు బాగుందని 84 వేయించుకుని కుటుంబాన్ని ఎక్కించుకోవడం నాకు భయంగా ఉంటుంది.

మా బావమరిది చివరికి 7జె రిమ్ములు నష్టానికి అమ్మేసి 6జె, ఈటీ 45 రిమ్ములు తెచ్చుకున్నాడు. వాటి మీద 195/55 ఆర్16. లెక్క ప్రకారం లోపలికి 5, బయటికి 5 మి.మీ. పోయిన ఆదివారం మా వీధిలో సుద్ద రుద్ది, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పించాను, రివర్స్‌లో కూడా. టార్చి వేసి నాలుగు లైనర్లూ చూశాను. ఎక్కడా తెలుపు లేదు. ముందు ఎడమవైపు పాత మెరుపు మరక మాత్రం అలాగే ఉంది.