మూసి ఉన్న వంతెన గారికి

మహారాజశ్రీ వైస్ సిటీ వంతెన గారి సముఖమునకు,

శ్రీకాకుళం నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం కాదు. మీరు క్షేమమే, కనిపిస్తూనే ఉంది: ముందు బారికేడ్, వెనక ఖాళీ రోడ్డు.

మీరున్న జీటీఏ వైస్ సిటీ వీడియో గేమ్ వచ్చిన 2002 నుంచి ఒకటే మాట చెబుతున్నారు. తుఫాను హెచ్చరిక, అందుకే రాకపోకలు బంద్. తుఫానంటే మాకు వేరే చెప్పాలా? 2018 అక్టోబర్‌లో తిత్లీకి ఉద్దానంలో మా పెదనాన్న కొబ్బరి తోట తెల్లారేసరికి నేలమట్టమైంది. అయినా అది మర్యాదస్తురాలు. వచ్చింది, కొట్టింది, పోయింది. మీ తుఫాను రాదు, పోదు. నిన్న నా పక్కన కూర్చున్న మేనల్లుడు, డిగ్రీలో చేరిన గుంటడు, స్క్రీన్ మీద మండే ఎండ చూసి అడిగాడు: "తుఫానేటి మావా? ఆకు కూడా కదల్లేదు."

ఏం చెప్పను? ఆటలోని డ్రగ్స్ డాన్ డియాజ్ దగ్గర కొలువు చేసి, హెలికాప్టర్లోంచి ప్రాన్ ఐలాండ్ మీద జనాన్ని కాల్చి, మేడ మీది డబ్బుల పెట్టె తెచ్చిస్తేనే తుఫాను తీరం దాటుతుందని చెప్పాలా? వాతావరణ శాఖ వాళ్ళు వింటే ఏమైపోతారు! పోనీ ఈదుకుని పోదామంటే మీ హీరో టామీ గారికి ఈత రాదు. సముద్రం పక్కన కాపురం, లోతులోకి జారితే మునకే. కళింగపట్నం పిల్లలు నవ్విపోతారు.

మీ వంశమే అంత. మీ తర్వాతి జీటీఏ ఆట శాన్ ఆండ్రియాస్‌లో ముందే అవతలికి దాటితే పోలీసులు నాలుగు స్టార్లు తగిలిస్తారు (ఎన్ని స్టార్లైతే అంత వేట), 2008లో వచ్చిన నాలుగో భాగంలో ఏకంగా ఆరు.

సరే, నిన్నటి సంగతి. హెలికాప్టర్ నాలుగుసార్లు పేలింది. ఐదోసారి గెలిచాం. వంతెనలు తెరిచారని స్క్రీన్ మీద పడగానే ఇద్దరం కుర్చీల్లోంచి లేచాం. బుద్ధున్నవాడైతే ఓషన్ వ్యూ హోటల్‌కి పోయి, ఆట సేవ్ చేసే ఆ గులాబీ రంగు క్యాసెట్ గుర్తులోకి నడిచి సేవ్ చేసుకుంటాడు. "ముందు అవతలికి పోదాం మావా" అన్నాడు గుంటడు. నాకూ అదే తీట. బైకు మీ మీదికి ఎక్కించాం. సగం దూరం వెళ్ళామో లేదో, కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని ఒక్క అరుపు అరిచి చచ్చింది.

కరెంటు వచ్చేసరికి దీపాల వేళ. మీరు మళ్ళీ మూసుకుని కూర్చున్నారు. అదే బారికేడ్, అదే తుఫాను. మేము గెలవలేదట, దాటలేదట, అసలు అటు రానేలేదట! మధ్యాహ్నమంతా మింగేశావు కదే, సిగ్గుందా నీకు?

2013లో వచ్చిన ఐదో భాగంలో అడ్డేదీ లేదు, మ్యాపంతా మొదట్నుంచీ తెరిచే ఉంటుంది. ఆడాను. మొదటిరోజే కొండ దాకా పోయి, తిరిగొచ్చి, కట్టేసి పడుకున్నాను. నీ మీద వెళ్ళిన ఆ సగం దూరం మాత్రం నిన్నటి నుంచి కళ్ళ ముందే ఉంది. కింద నీళ్ళు, ఎదురుగా ఎప్పుడూ చూడని మేడలు, నా పక్కన గుంటడి ఈల.

రేపు ఆదివారం. ముందు క్యాసెట్, తర్వాతే వంతెన అని వాడికి గట్టిగా చెప్పాను. సరే మావా అన్నాడు. వాడి మొహం చూస్తే నమ్మకం కలగలేదు. నా మీద నాకూ లేదు.

ఇట్లు,
బారికేడ్ దగ్గర బైకు ఆపుకుని నిలబడ్డవాడు