ఆ మంగోలియా గిన్నెల డాన్సు మన తరంగం కాదు బాబూ

నెత్తిన గిన్నెల దొంతర, రెండు చేతుల్లో గిన్నెలు, మెరిసిపోయే పట్టు అంగీ. స్టేజీ మీద ఓ అమ్మాయి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దాని కింద ఈ మెసేజ్: "మంగోలియా జానపద నృత్యం నిజానికి మన కూచిపూడి తరంగమే. అమరావతి భిక్షువులు అక్కడికి తీసుకెళ్లారు. చెంఘిజ్ ఖాన్ దాన్ని సైనికులకు కసరత్తుగా నేర్పించాడు. ఖాన్ ముందు ఆడవాళ్లు నిలబడకూడదు కాబట్టి కూర్చుని ఆడతారు. భుజాలు వణికేది పూనకం వల్ల. యునెస్కో దీన్ని ప్రపంచంలోనే ఉత్తమ నృత్యంగా ప్రకటించింది. తెలుగువాడివైతే షేర్ చెయ్యి." ఈ వారం ఏ గ్రూపు తెరిచినా ఇదే. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, అదీ బాధ.

చిన్నవి ముందు తేల్చేద్దాం. యునెస్కో ఉత్తమ నృత్యం, ఉత్తమ జాతీయ గీతం లాంటివి ప్రకటించదు. ఆ శాఖ వాట్సాప్ చూసుకుంటుంది. మంగోలియా వాళ్లు కూర్చుని ఆడే జానపద నృత్యం "బీ బియెల్గీ" 2009లో చేరింది అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో. అంటే మెడలో పతకం వేయలేదు, ఐసీయూలో మంచం ఇచ్చారు. నేర్పగలిగినవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. ఒక్కో తెగ పద్ధతి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

పూనకమా? పూనకం వచ్చిన మనిషి నెత్తి మీద గిన్నె ఎంతసేపు నిలుస్తుందో మెసేజ్ రాసినాయన ఒకసారి చూసి చెప్పాలి.

ఇక చెంఘిజ్ ఖాన్. మంగోలియా అన్న మాట వస్తే ఆయన్ని ఈడ్చుకురాకుండా ఉండలేరు. 13వ శతాబ్దపు "మంగోలుల రహస్య చరిత్ర"లో నాట్యం ప్రస్తావన ఉన్న మాట నిజం. కానీ అది ఆయనకు ముందు ఖుతుల అనే ఆయన ఖాన్ (రాజు) అయిన సందర్భం. గుబురు చెట్టు చుట్టూ పక్కటెముకల లోతు గొయ్యి పడేదాకా, మోకాళ్లెత్తు దుమ్ము పేరుకునేదాకా ఆడారట. అది ఆరుబయట గుంపుగా నేల అదరగొట్టిన ఆట. బుర్యాత్ అనే మంగోల్ తెగవాళ్లు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే యోఖోర్ దానికి దగ్గరగా ఉంటుందంటే అర్థముంది. బియెల్గీలో పాదం జానెడు జరిగితే ఎక్కువ. సైనికులకు దానితో ఏం కసరత్తు నేర్పుతారు, ఆవు పాలు పిండడమా?

నిజానికి అందులో ఉన్నది అదే. పాలు పిండటం, తోలు సంచిలో ఐరగ్ (పులిసిన గుర్రప్పాలు) చిలకడం, అద్దంలో చూసుకుని జుట్టు దువ్వుకోవడం, గుర్రం నడక. ఇంటి పనే ఆటయింది. ఈ సంగతి తెలిస్తే "ఆడవాళ్లు నిలబడకూడదు" అన్న ముక్క ఎంత అన్యాయమో తెలుస్తుంది. మగవాళ్లూ ఆడతారు, వాళ్లూ కూర్చునే ఆడతారు. మరి వాళ్లు ఎవరి ముందు నిలబడకూడదట? కారణం ఖాన్ కాదు, ఇల్లు. గెర్ అంటే ఉన్ని నమదాలు కప్పిన గుండ్రటి గుడారం. మామూలు సంసారానిది అడ్డంగా ఆరు మీటర్లు ఉంటే గొప్ప. నడుమ పొయ్యి, దాని పక్కన పైకప్పును మోసే రెండు గుంజలు. ఆ గుంజల మధ్య నుంచి నడవకూడదు. తలుపు దక్షిణానికి, దానికి ఎదురుగా పెద్దలు, అతిథులు కూర్చునే చోటు. గోడల వెంబడి మంచాలు, పెట్టెలు. పెళ్లికో విందుకో పదిహేనుమంది వచ్చి కూర్చున్నాక ఆడేవాళ్లకి మిగిలేది ఓ చాప పరిచినంత జాగా. కాళ్లకు చోటు లేదు కాబట్టి ఆటంతా భుజాల్లోకి, మణికట్టులోకి, ఛాతీలోకి ఎక్కింది. దీన్ని పట్టుకుని బానిసత్వం కథ అల్లి, ఆ తల్లుల పనితనాన్ని అవమానంగా మార్చి, "షేర్ చెయ్యి" అనడం ఏం సంస్కారమో.

ఇప్పుడు అసలు గొప్పకి వద్దాం: తరంగం.

నెత్తిన ఏదో ఉంది కాబట్టి రెండూ ఒకటేనట. ఈ లెక్కన బిందె మోసే ప్రతి ఆవిడా కూచిపూడి కళాకారిణే. తరంగంలో నెత్తిన నీళ్ల చెంబు ఉంటుంది సరే, ఆ అంశం ప్రాణం పాదాల కింద ఉంది. ఇత్తడి పళ్లెం అంచు మీద అరికాలి వంపు ఆనించి, వేళ్లతో అంచు బిగబట్టి, బరువు ముందుకీ వెనక్కీ మారుస్తూ పళ్లేన్ని తాళానికి జరపాలి. బరువు అదుపు తప్పిందా, పళ్లెం మాట వినదు. బియెల్గీలో పాదాలు నాటుకుపోయి ఉంటాయి. బయద్ తెగవాళ్లు మోకాళ్లు బయటికి తెరిచి, నడుము కిందికి దించి, ఆ మోకాళ్ల మీద ఐరగ్ గిన్నెలు నిలుపుతారు. దొర్వొద్‌లు తల మీద, చేతుల మీద నిలుపుతారు. జఖ్చిన్‌లు గొంతుక్కూర్చుని ఒళ్లు ముందుకు వంచి ఆడతారు. అంటే ఎక్కడ ఏం నిలిపారో చూస్తే ఎవరి ఆటో చెప్పొచ్చు. మెసేజ్ తుడిచేసింది సరిగ్గా ఈ గుర్తునే.

బియెల్గీలో కొత్తవాళ్లు తప్పేదీ వేరే చోట. భుజం ఆడించమంటే మెడ ఆడిస్తారు, నెత్తి మీది గిన్నె జారిపోతుంది. కదలిక వీపు రెక్కల దగ్గర పుట్టి భుజంలో తేలాలి. ఒక భుజం ముందుకొస్తే రెండోది వెనక్కి, మధ్యలో తల మాత్రం దీపం సెమ్మెలా నిలబడాలి. మోకాళ్ల మీద గిన్నెలైతే తొడ అలిసి ఒక మోకాలు కాస్త కిందికి వాలిందంటే చాలు, ఆ వైపు ఐరగ్ ఒలికిపోతుంది. వాయించేది ఇకిల్ అనే రెండు తీగల ఫిడేలు, తొవ్షూర్ అనే రెండు తీగల వాద్యం. మృదంగం లేదు, జతి లేదు, నట్టువాంగం లేదు. కృష్ణుడైతే అసలే లేడు.

కాలం లెక్క కూడా చూద్దాం. ఈ ఆటకు పాడే తరంగాలు రాసిన నారాయణ తీర్థులవారిది 17వ శతాబ్దమంటారు. అమరావతిలో భిక్షువుల సందడి అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే సద్దుమణిగింది. వాళ్లు తరంగం మూటగట్టుకుని వెళ్లాలంటే ముందు తరంగం పుట్టాలి కదా.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ధాన్యకటకం (మన అమరావతి పాత పేరు) మంగోలియా లామాలకు కొత్త కాదు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది అక్కడేనని వాళ్ల సంప్రదాయం నమ్ముతుంది. ఆ తంత్రం టిబెట్ మీదుగా వాళ్లకు చేరింది. గరుత్మంతుడూ వెళ్లాడు, అక్కడ ఆయన పేరు ఖాన్‌గరిద్. నాదం అనే వాళ్ల ఆటల పండుగలో మల్లయోధులు కుస్తీకి ముందూ తర్వాతా చేతులు రెక్కల్లా చాచి ఆడతారు. అది డేగ అని కొందరు, ఖాన్‌గరిద్ అని కొందరు అంటారు. మఠాల్లో లామాలు ముసుగులు వేసి ఆడే త్సామ్ కూడా ఆ దారిన వచ్చిందే. 1930లలో మఠాలతో పాటు దాన్నీ అణిచేశారు, 1990 తర్వాత మళ్లీ లేచింది. మనకీ వాళ్లకీ చుట్టరికం కావాలంటే అక్కడ వెతకండి, బోలెడంత దొరుకుతుంది. గెర్‌లో పాలు పిండే ఆటకి మాత్రం మన చిరునామా అంటించకండి.

ఇంతకీ ఆ వీడియోలో ఉన్నది బియెల్గీ కూడా కాదు. దొంతర గిన్నెలతో స్టేజీ అంతా తిరిగేది పెద్ద హాళ్ల కోసం తయారైన రంగస్థల నృత్యం, అందంగానే ఉంది. పంపక తప్పదనుకునేవాళ్లు "బయద్ బియెల్గీ" అని వెతికి, ఉవ్స్, ఖొవ్ద్ రాష్ట్రాల పెద్దవాళ్లు నేల మీద కూర్చుని ఆడేది పంపండి. చూసేవాళ్లకి ఒక్కటే చెప్పండి: గిన్నె వైపు కాదు, భుజం వైపు చూడమని.